సగం తివాచీ

ఇల్లు పూర్తయింది. అందులో పరవడానికి తివాచీయే దొరకలేదు హమ్మూకి.

ఈ మాట ఆ కొండల్లో ఎవరికి చెప్పినా నవ్వుతారు. అట్లాస్ కొండల్లో బెర్బర్ల ఇంట రొట్టె లేని రోజుండొచ్చు గానీ తివాచీ లేని గది ఉండదు. పైగా హమ్మూ ఏమైనా మామూలు మనిషా! సీదీ లహ్సన్ దగ్గర శిష్యుడిగా చేరకముందు తివాచీల బేరగాడు. ఊరూరూ తిరిగి ఆడవాళ్ళు నేసిన తివాచీలు ఏరి పట్నంలో పెద్ద కొట్లకు చేరవేసేవాడు. కళ్ళకు గంతలు కట్టి చేతికిచ్చినా, వెనక్కి తిప్పి ముడులు తడిమి ఏ లోయలో నేశారో చెప్పేవాడు. బొటనవేలు తడిచేసి రుద్ది, రంగు వేళ్ళూ ఆకులూ ఉడకబెట్టి తీసిందో బజారు డబ్బాలోదో తేల్చేసేవాడు. వాసన చూసి, ఆ గొర్రె ఎత్తున మేసిందో పల్లంలో మేసిందో చెప్తాడని కూడా అనేవారు. అది కాస్త ఎక్కువే. కానీ అలా అనుకోనిచ్చేవాడు.

అలాంటివాడు వసంతమంతా లోయలు తిరిగి చేతులూపుకుంటూ వచ్చాడు. ఎందుకంటే ఈసారి ఏరుతున్నది పట్నంలో ఎవరో ధనవంతుడి హాలు కోసం కాదు. ఇట్టో కోసం.

ఇట్టో అతని భార్య. చాలా ఏళ్ళుగా పుట్టింట్లో ఉంటోంది. పిలవడానికి వెళ్ళిన ప్రతిసారీ ఆమె అన్న గుమ్మంలోనే అడ్డం నిలబడి పంపించేసేవాడు. ఈ ఏడు మంచు కరుగుతుండగా ఆ అన్నే కబురు పెట్టాడు. "ఇల్లంటూ ఒకటి చూపించి అడుగు. దాని మనసులో ఏముందో నాకు తెలీదు. నేనైతే అడ్డం రాను." ఆ ఒక్క మాటకి హమ్మూ పొంగిపోయాడు. అప్పటికే గోడలు లేచిన ఇంటికి పైకప్పు వేశాడు. తూర్పు కిటికీ పెట్టించాడు. ఇట్టోకి మగ్గం దగ్గర పొద్దుటి వెలుతురు కావాలి.

ఆమె ఎందుకు వెళ్ళిపోయిందో చెప్పాలి. చెప్పాలని లేదు, కానీ చెప్పకపోతే కథ సాగదు.

ఆ కొండల్లో ఆడవాళ్ళు ఒకటి నమ్ముతారు. మగ్గానికి పడుగు కట్టిన రోజు తివాచీకి ప్రాణం వస్తుంది. మగ్గం మీద ఉన్నంతకాలం అది బతికే ఉంటుంది. నేత పూర్తయి దాన్ని కోసి దించే రోజు అది పోతుంది. అందుకే ఆ రోజు చనిపోయిన మనిషికి చేసినట్టే దానిమీద నీళ్ళు చల్లి, దేవుడొక్కడేనని కలిమా చెప్పి, అప్పుడు కోస్తారు. కోసేది ఆడవాళ్ళే. మగవాళ్ళు ఆ చుట్టుపక్కల కూడా ఉండరు.

హమ్మూకీ ఇట్టోకీ ఒక కూతురుండేది, ఇజ్జా అని. తల్లి నేస్తుంటే మగ్గం వెనక కూర్చుని పడుగు దారాల మధ్య నుంచి వేళ్ళు దూర్చేది. ఆ వేళ్ళు పట్టుకుని లాగి తల్లి నవ్వించేది. తివాచీ సగానికి వచ్చింది. పిల్లకు జ్వరం వచ్చింది. హమ్మూ అప్పుడు దూరపు లోయలో ఎవరి ఇంటికో తివాచీలు ఏరుతున్నాడు. వచ్చేసరికి పిల్లను మట్టిలో పెట్టేశారు.

ఆ తర్వాత ఇట్టో ఆ తివాచీ నెయ్యలేదు. దించనూ లేదు. రోజంతా దాని ముందు కూర్చునేది, ఒక్కోసారి పడుగు దారాల్లో తన వేళ్ళు దూర్చి అలాగే ఉంచేది. హమ్మూ కొన్నాళ్ళు చూశాడు. కొన్నాళ్ళు బతిమాలాడు. చివరికి ఒకరోజు కత్తి తీసుకుని పడుగు కోసేశాడు. నీళ్ళు లేవు, కలిమా లేదు. ఇట్టో అతని చెయ్యి పట్టుకుని అరిచింది.

"వద్దు! దానికింకా ప్రాణముంది!"

"ఉన్నికి ప్రాణమేమిటే?" అన్నాడు హమ్మూ.

దాన్ని పట్నం పట్టుకెళ్ళి అమ్మేశాడు. ఆమె కళ్ళముందు లేకపోతే మనసు కుదుటపడుతుందని అనుకున్నానని తర్వాత చాలామందికి చెప్పాడు. అందులో అబద్ధం లేదు. పూర్తి నిజమూ లేదు. తిరిగొచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంది. ఆమె మగ్గం తీసుకెళ్ళలేదు. పిల్ల చొక్కా ఒక్కటే తీసుకెళ్ళింది.

అప్పుడే హమ్మూ సీదీ లహ్సన్ కాళ్ళ దగ్గరకొచ్చి పడ్డాడు. సీదీ అంటే అక్కడ అయ్యగారు అన్నమాట. కొండమీద నాలుగు మట్టిగదులూ ఒక వసారా ఉన్న చిన్న సూఫీ మఠం ఆయనది. వచ్చిన మొదటి రోజే హమ్మూ ఆయనకు జరిగిందంతా చెప్పుకుని ఏడ్చాడు. ఒక్క ముక్క మాత్రం మింగేశాడు. ఆ రోజు నుంచీ తివాచీల బేరం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. నీళ్ళు మోశాడు, కట్టెలు కొట్టాడు, వచ్చినవాళ్ళకు వండిపెట్టాడు. తన పాత విద్య వదిలేసుకున్నానని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. వదులుకున్న సంగతి కూడా అతని దగ్గర మంచి సరుకే అయింది.

మరి ఇట్టో కోసం కాబట్టి ఆ ఒట్టు గట్టున పెట్టాడు.

అతను తిరిగొచ్చిన రోజు మఠంలో గొర్రెలకు ఉన్ని కత్తిరిస్తున్నారు. మౌలూద్ అని ముసలి శిష్యుడొకడు గొర్రెను ఒళ్ళో వెల్లకిలా పడేసుకుని పెద్ద ఇనుప కత్తెరతో పని చేస్తున్నాడు. వసారాలో సీదీ తన తివాచీ మీద కూర్చుని, ఉన్నిలో చిక్కుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతున్నాడు.

"దొరికిందా నాయనా?" అన్నాడు.

"లేదు సీదీ."

"ఇన్ని లోయల్లో ఒక్కటీ లేదా?"

"ఉన్నాయి. ఒకచోట ముడి బిగువుగా ఉంది కానీ ఉన్ని పీచుగా ఉంది, రెండు చలికాలాలకే రాలిపోతుంది. ఒకచోట ఉన్ని వెన్నలా ఉంది, రంగు మాత్రం పచ్చి, నీళ్ళు పడితే కారుతుంది. ఇంకోచోట అన్నీ బాగున్నాయి, కానీ బజారు కోసం నేసింది. కొలతపెట్టి గీసినట్టుంది. అలాంటిది ఇట్టో ముందు పెడితే వేలితో కూడా ముట్టదు."

"పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని వంకలు పెట్టరయ్యా," అన్నాడు మౌలూద్, గొర్రెను ఇంకోవైపుకి తిప్పుతూ. "ఆమె వచ్చేది నీకోసం అయితే చాప మీద కూడా కూర్చుంటుంది."

హమ్మూ ఆ మాట పట్టించుకోలేదు. అతని చూపు సీదీ కూర్చున్న తివాచీ మీదకు పోయింది. ఇన్నేళ్ళుగా రోజూ దాన్ని దులుపుతున్నాడు, మడుస్తున్నాడు, మళ్ళీ పరుస్తున్నాడు. తివాచీలు ఏరుకుంటూ తిరిగొచ్చిన కళ్ళతో మాత్రం ఇవాళే చూశాడు.

అది సీదీ భార్య లల్లా తూదా నేసింది. రంగేమీ వెయ్యలేదు. గొర్రె తెలుపు తెలుపుగానే ఉంది, దానిమీద ముదురు గోధుమరంగు ఉన్నితో డైమండు గళ్ళు. ఒక చివర గళ్ళు నిటారుగా, బుద్ధిగా ఉంటాయి. రెండో చివరకు వెళ్ళేకొద్దీ ఒరుగుతాయి, గీతలు దారి వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ పోతాయి, కొన్నిచోట్ల కలుసుకోవు. చివరి రోజుల్లో ఆమె దానిమీదే పడుకునేది. ఆమె పోయాక సీదీ దానిమీద కూర్చోవడం మొదలుపెట్టాడు. వేరేచోట కూర్చోగా ఎవరూ చూడలేదు.

"నేను చూసినవాటిలో ఒక్కటే ఉంది సీదీ," అన్నాడు హమ్మూ.

"ఎక్కడ?"

"మీ కింద."

మౌలూద్ కత్తెర ఆగిపోయింది. ఒళ్ళో గొర్రె మాత్రం ఒకసారి అరిచింది.

సీదీ చేతిలోని ఉన్ని పక్కన పెట్టాడు. కోపం రాలేదు. "దీన్లో ఏం చూశావు, చెప్పు," అన్నాడు.

అడిగిందే తడవు హమ్మూ మోకాళ్ళమీద కూర్చున్నాడు. మూల పట్టి వెనక్కి తిప్పాడు. ముడుల మీద వేలు నడిపించాడు. ఇన్నేళ్ళు మూలన పడేశాననుకున్న విద్య ఒక్క క్షణంలో నాలుక మీదకొచ్చేసింది.

"ఈ ఉన్ని చూడండి, చేత్తో దువ్వి చేత్తో వడికింది. గొర్రె ఒంటి నూనె ఇంకా పోలేదు, అందుకే పురుగు ముట్టలేదు. ముడి తర్వాత ముడి ఎంత ఓపిగ్గా వేశారో చూడండి. అసలు సంగతి ఈ చివరుంది సీదీ. ఇక్కడ గీత తప్పింది. చూశారా, ఈ గడి ఆ గడిని వెతుక్కుంటోంది. కావాలని నేస్తే ఇలా రాదు. పట్నంలో దీనికోసం ప్రాణాలిస్తారు."

"అప్పటికి ఆమెకు కళ్ళు కనబడటం లేదు," అన్నాడు సీదీ.

"తెలుసు సీదీ. అందుకే దానికంత అందం వచ్చింది."

ఆ మాట అంటున్నప్పుడు హమ్మూ ముఖంలో పాపం ఏ కపటమూ లేదు. ఉంటే బాగుండేది. తిట్టుకోవడానికైనా వీలుండేది.

సీదీ గళ్ళు తప్పిన చోట అరచెయ్యి ఆనించి కాసేపు కూర్చున్నాడు. తర్వాత గోడ పట్టుకుని లేచాడు. తివాచీ దిగి పక్కకొచ్చి నిలబడ్డాడు.

"తీసుకో," అన్నాడు.

హమ్మూ నమ్మలేకపోయాడు. ఆయన చెయ్యి అందుకుని కళ్ళకద్దుకున్నాడు. తివాచీ చుట్టబోయాడు.

"ఉండు. మౌలూద్, ఆ కత్తెర ఇటివ్వు."

ఉన్ని ముక్కేదో వేలాడుతోంది కాబోలు, దాన్ని తీసేస్తాడనుకున్నాడు హమ్మూ. మౌలూద్ కూడా అదే అనుకుని కత్తెర ఇచ్చాడు. సీదీ తివాచీ పక్కన మోకాళ్ళు దించి, నడిమధ్యన అంచు పైకెత్తి, కత్తెర పెట్టి నొక్కాడు.

దట్టమైన నేత. ఉన్ని కత్తెరకు అంత తేలిగ్గా లొంగలేదు. ఆయన రెండు చేతులతో నొక్కాడు. పడుగు దారాలు ఒక్కొక్కటే చిట్లాయి.

హమ్మూ ఎగిరి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు సీదీ! వద్దు! అమ్మగారు కళ్ళు లేకుండా నేసింది! దాన్లో ఆవిడ ప్రాణముంది!"

అన్నాక ఆ మాట అతనికే వినిపించింది. ఇంతకుముందు అది వేరే నోట విన్నాడు. ఇలాగే ఒక చెయ్యి, ఇలాగే మణికట్టు దగ్గర పట్టుకుని.

పట్టు వదిలేశాడు.

సీదీ ఇప్పుడు ఒక్క మాట అంటాడని ఎదురు చూశాడు. ఉన్నికి ప్రాణమేమిటి అని. ఆ రోజు తనన్న మాట ఆయనకు తెలుసు, మొదటి రోజే చెప్పుకుని ఏడ్చాడు. ఆయన అనలేదు. అని ఉంటే హమ్మూకి కొంచెం సుఖంగా ఉండేది. ఆయన కోస్తూనే ఉన్నాడు. ముసలి వేళ్ళు నొప్పెడితే ఆగాడు, విదిలించుకున్నాడు, మళ్ళీ కోశాడు. మౌలూద్ గొర్రెను వదిలేసి అటు తిరిగి నిలబడ్డాడు. సగం ఉన్ని పోయిన గొర్రె వాకిట్లో దిక్కుతోచకుండా తిరిగింది.

అయిపోయాక సీదీ రెండు ముక్కల్నీ పక్కపక్కన పరిచాడు.

"నీకు ఏరడం వచ్చుగా," అన్నాడు. "ఏది మంచిదో ఏరుకో."

హమ్మూ చూశాడు. ఒకదానిలో నిటారు గళ్ళున్నాయి. ఒకదానిలో దారి తప్పిన గళ్ళున్నాయి. జీవితంలో ఎన్ని తివాచీలు ఏరాడో లెక్కలేదు. ఈ రెంటిలో ఒకటి ఎత్తలేకపోయాడు. ఎండ వసారా దాటి వాకిట్లోకి పోయేదాకా అలాగే నిలబడ్డాడు.

చివరికి సీదీయే ఒకటి మడిచి అతని భుజాన వేశాడు. గళ్ళు దారి తప్పిన సగం అది.

"సీదీ, ఇది వద్దు. ఆ రెండోది..."

"వెళ్ళిరా," అన్నాడు సీదీ. మిగిలిన సగం మీద కూర్చుని పల్లేరుకాయలు తియ్యడానికి ఉన్ని అందుకున్నాడు. ఒక్క కాయా వేళ్ళకు పట్టుబడలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరి, ఇట్టో పుట్టిల్లున్న ఎగువ లోయకు దారి పొడుగునా హమ్మూ కంచరగాడిద ఎక్కలేదు. తివాచీని దానిమీద వేసి, కోసిన అంచును చేత్తో పట్టుకుని పక్కన నడిచాడు. పడుగు తెగిన చోట ముడులు వదులై ఒక్కొక్కటీ ఊడి పడుతున్నాయి. పడ్డవాటిని ఏరి జేబులో వేసుకున్నాడు. దారిలో తన కొత్త ఇల్లు వచ్చింది. తూర్పు కిటికీ మీద ఎండ పడుతోంది. లోపలికి వెళ్ళలేదు.

ఇట్టో వాకిట్లో కదురు తిప్పుతోంది. అతన్ని చూసి లేవలేదు, ముసుగు సర్దుకోలేదు, పని ఆపలేదు. జుట్టు నెరిసింది. ఇజ్జాకి లాగే పల్చటి కనుబొమ్మలు. అవి ఇజ్జాకి ఈమె నుంచే వచ్చాయన్న సంగతి హమ్మూకి అప్పుడే మొదటిసారి తెలిసినట్టనిపించింది. ఆమె అన్న అతన్ని చూసి పెరట్లోకి వెళ్ళిపోయాడు. మాట మీద నిలబడ్డాడు.

హమ్మూ తివాచీని ఆమె ముందు పరిచాడు.

ఆమె గళ్ళు చూడలేదు. కోసిన అంచు చూసింది. "ఎవరు కోశారు?"

"సీదీ."

"ఎవరిది?"

"లల్లా తూదా నేసింది. ఆయన భార్య. ఆయన కూర్చునేది దీనిమీదే."

"మరి ఎందుకు కోశాడు?"

"నేను అడిగాను," అన్నాడు హమ్మూ. "ఇంటికి కావాలని, మొత్తం అడిగాను."

ఇట్టో అతన్ని ఒకసారి తేరిపార చూసింది. కదురు పక్కన పెట్టి వంగి, ఒరిగిన గళ్ళ మీద వేళ్ళు ఆనించింది. ఒక గడి నుంచి ఇంకో గడికి వేళ్ళు పోయాయి. ఒకచోట ఆగాయి.

"ఇక్కడినుంచి ఈమెకు కనబడలేదు," అంది. "అయినా ఆపలేదు. నేను ఆపాను."

"ఇల్లు కట్టాను ఇట్టో. తూర్పు కిటికీ పెట్టించాను. మగ్గానికి..."

"నాది ఎక్కడుంది?"

హమ్మూ తివాచీ మూల సర్దాడు.

"అడుగుతున్నాను. నా తివాచీ ఇప్పుడు ఎక్కడుంది?"

"తెలీదు. కొట్టుకిచ్చాను. అక్కణ్ణుంచి సముద్రం దాటి పోయిందన్నారు."

"ఎవరి ఇంట్లోనో పరిచి ఉంటుంది."

"ఉంటుంది."

"సగమే ఉందేమిటని అడిగి ఉంటారుగా. ఏం చెప్పావు?"

మింగేసిన ముక్క ఇదే. సీదీకి కూడా చెప్పనిది. ఇప్పుడూ అబద్ధం నోటిదాకా వచ్చింది. అలవాటైన నోరు మరి. కోసిన అంచు ఎదురుగా ఉండటం వల్లనో, ఆమె వేళ్ళు ఇంకా ఆ గడి మీదే ఉండటం వల్లనో, అది బయటికి రాలేదు.

"మా కొండల్లో ఇలాగే నేస్తారని చెప్పాను," అన్నాడు. "మనిషి దేన్నీ పూర్తి చెయ్యకూడదు, పూర్తి చెయ్యడం దేవుడి పని అని సగంలో వదిలేస్తారని, ఇది భక్తితో వదిలిన తివాచీ అని..."

"నమ్మారా?"

"మురిసిపోయారు."

"ఎక్కువిచ్చారా?"

హమ్మూ తల దించుకున్నాడు.

"ఇజ్జా మాట?"

"చెప్పలేదు."

ఇట్టో లేచి లోపలికి వెళ్ళింది. అరుస్తుందని, తిడుతుందని అనుకుంటూ హమ్మూ కూర్చున్నాడు. ఆమె మట్టి గిన్నెతో నీళ్ళు తెచ్చింది. దారి నడిచొచ్చిన మనిషికి ముందు నీళ్ళివ్వడం ఆ కొండల్లో ఆనవాయితీ. పగవాడికైనా ఇస్తారు. ఆ నీళ్ళు చూడగానే హమ్మూ ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులూ దోసిలి పట్టాడు.

ఆమె ఆ చేతులు దాటి వెళ్ళింది. తివాచీ దగ్గర కూర్చుని, వేళ్ళతో నీళ్ళు తీసుకుని కోసిన అంచు పొడుగునా చల్లింది. పెదవులు కదుపుతూ కలిమా చెప్పింది. మళ్ళీ నీళ్ళు తీసుకుంది, మళ్ళీ చల్లింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా చల్లుతూనే ఉంది. ఒక సగం తివాచీకి అన్ని నీళ్ళక్కర్లేదు. అవి దేనికో హమ్మూకి తెలిసింది. దోసిలి ఇంకా చాపే ఉంది. దింపుకున్నాడు.

అతను జేబులోంచి రాలిపడిన ఉన్ని ముడులు తీసి ఆమె పక్కన పెట్టాడు. ఆమె వాటిని చూసింది. అంచు దగ్గరకు లాక్కుని కట్టడం మొదలుపెట్టింది. పడుగు మొదటికంటా తెగింది కాబట్టి ముడి వెయ్యడానికి దారం చాలదు. అందుకని ఇంకొన్ని వరసలు తనే విప్పింది. కళ్ళు లేని ఆ తల్లి వేసిన ముడులు ఒక్కొక్కటే విప్పి, దారాలు బయటికి తీసి, జతలు జతలుగా బిగించి కట్టింది. అలా విప్పకపోతే మిగిలింది కూడా ఊడిపోతుంది.

ఆమె అంతసేపూ వంగి పనిచేస్తుంటే హమ్మూకి మళ్ళీ ఆశ పుట్టింది. ఆశకు సిగ్గులేదు. మగ్గం ముందు ఆమె ఇలాగే వంగేది. వెనక నుంచి చిన్న వేళ్ళు వచ్చేవి. పని పూర్తి చేస్తోందంటే తీసుకుంటుందని, తీసుకుంటే వస్తుందని, తూర్పు కిటికీ దగ్గర దీన్ని ఎటు తిప్పి పరవాలో కూడా ఆలోచించాడు.

చివరి జత కట్టి ఆమె తివాచీని దులిపింది. మడిచి అతని చేతుల్లో పెట్టింది.

"ఆయనకిచ్చెయ్యి. ఇది ఆ తల్లి కోసం చేశాను."

"ఇట్టో..."

"నా దానికి ఇవాళ నీళ్ళు చల్లుకున్నాను," అంది. "ఇన్నాళ్ళూ అది ఎక్కడో బతికే ఉందనుకుని కూర్చున్నాను. ఇక నాకు ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేదు. నువ్వు వెళ్ళు హమ్మూ."

కదురు అందుకుని తిప్పడం మొదలుపెట్టింది. విప్పిన ఉన్ని పోగులు ఆమె ఒడిలోనే ఉన్నాయి. అవి మాత్రం ఉంచుకుంది.

మఠానికి వచ్చేసరికి కత్తిరింపులు అయిపోయాయి. బోడి గొర్రెలు వాలు మీద మేస్తున్నాయి. సీదీ వసారాలో తన సగం మీద కూర్చుని ఉన్నాడు.

హమ్మూ రెండో సగం తెచ్చి దాని పక్కన పరిచాడు. రెండూ కలవలేదు. ఇట్టో విప్పిన వరసల మేర గళ్ళు పోయాయి. ఇటువైపు గీత అటువైపు గీతకు అందలేదు.

సీదీ కట్టిన అంచు మీద వేలు నడిపించాడు. ఒక్కో జత దగ్గరా ఆగాడు.

"ఆమె కట్టిందా?"

"ఆమే కట్టింది."

"వస్తానందా?"

"లేదు సీదీ."

ఆయన వేలు చివరి జత దగ్గర ఆగింది. "వస్తుందనుకున్నాను," అన్నాడు.

ఆ మాటతో హమ్మూ కూలబడిపోయాడు. గురువుగారికి అన్నీ ముందే తెలుసుననీ, ఇదంతా ఏదో మంచికే చేశాడనీ దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. ఆ ఊతం కూడా పోయింది. తివాచీ పక్కన వట్టి నేలమీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. మౌలూద్ నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళాడు. వాటిని ముట్టలేదు.

పొద్దు వాలుతుండగా, రెండు ముక్కల మధ్య సందు చూస్తూ, మెల్లిగా అడిగాడు.

"పట్నంలో మంచి పనివాళ్ళున్నారు సీదీ. అతుకు కనబడకుండా కుట్టేస్తారు. కొంత కాలం పడుతుంది, కానీ మళ్ళీ ఒకటవుతుంది. ఒకసారి అడిగి చూడనా?"

సీదీ వాలు మీద మేస్తున్న గొర్రెల వైపు చూశాడు.

"గొర్రెకు ఉన్ని మళ్ళీ వస్తుంది హమ్మూ," అన్నాడు. "అందుకే దాన్ని కత్తిరించొచ్చు."